బోనకల్ చౌరస్తాలో చేపల భోజనం

భద్రాచలంలో దర్శనం ముగించుకుని గోదావరి వంతెన దాటేసరికి ఎండ ముదిరింది. మృగశిర కార్తె ప్రవేశించిన రోజది. లెక్క ప్రకారం రోహిణి ఎండలు ఆ రోజుతో పోవాలి. కారులో ఏసీ మాత్రం ఆ లెక్కను ఒప్పుకోలేదు. వంతెన కింద గోదావరి సగం ఇసుకగా కనిపించింది. నీళ్ళున్న పాయలో రెండు నాటుపడవలు కదలకుండా ఉన్నాయి.

కారులో మేం అయిదుగురం: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, అతని పిల్లలిద్దరు. బండి నడిపింది బావమరిదే. ఖమ్మంలో ఉంటాడు. మేం హైదరాబాదు నుంచి దిగిన రాత్రి నుంచీ అతనిది ఒకటే పాట. "బావా, తిరుగు ప్రయాణం బోనకల్ మీదుగా పెట్టుకుందాం. అక్కడ సీఫుడ్ తినకుండా పోతే మీరు ఖమ్మం జిల్లా వచ్చినట్టే కాదు." ఖమ్మం జిల్లాలో సముద్రం ఎక్కడుందిరా అని నా భార్య అడిగింది. "సముద్రం ఉండక్కర్లేదక్కా, వ్యాను ఉంటే చాలు" అన్నాడు.

అంతకుముందు, పొద్దున్నే, కరకట్ట దగ్గర టీ తాగుతూ చేపల మాట ఎత్తాను. టీ కొట్టాయన వెంటనే పులస గురించి చెప్పాడు. "ఇప్పుడు కాదు సార్, శ్రావణంలో రండి. ఎర్రనీళ్ళు తగిలినాక ఇక్కడ పులస పడతది. దాని ముందు ఏ చేపా పనికిరాదు." మీరెప్పుడైనా పట్టగా చూశారా అని అడిగాను. తను చూడలేదట, వాళ్ళ పెద్దనాన్న చూశాడట. పక్కన బేసిన్‌లో జెల్లలు, ఒక వాలుగ పెట్టుకుని కూర్చున్నామెను కూడా అడిగాను. ఆమె నవ్వి, జెల్లలు కావాలా వద్దా అంది. సముద్రం నుంచి వరదకు ఎదురీదుతూ వచ్చే పులసకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం. అది 1852లో పూర్తయింది. టీ కొట్టాయన పెద్దనాన్న వయసెంతో నేను అడగలేదు.

లాడ్జిలో గది ఖాళీ చేసేటప్పుడు రిసెప్షన్‌లో ఆయన మా దారి కనుక్కున్నాడు. బోనకల్ అనగానే "అదీ మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచే సార్, చల్లగా ఉంటది" అన్నాడు. ఆ మాట పిల్లలకు నచ్చింది. అడవి పక్కన కూర్చుని రొయ్యలు తినొచ్చని వాళ్ళు లెక్కలు వేసుకున్నారు.

సారపాక దాటాక రోడ్డుకు రెండు పక్కలా జామాయిల్ తోటలు మొదలయ్యాయి. కాగితం మిల్లు కోసం వేసిన చెట్లు. వరసలు తప్పకుండా నిలబడ్డాయి, కింద నీడ పల్చగా ఉంది. పిల్లలు అదే అడవి అనుకున్నారు, ఎవరూ కాదనలేదు. పాల్వంచ దగ్గర థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు, కొత్తగూడెంలో బొగ్గు లారీలు, ఆ లారీల వెనక మేము. అసలు అడవి అనదగ్గది జూలూరుపాడు వైపు అక్కడక్కడ తగిలింది. ఆకులు రాలి, ఒకటి రెండు వానలకు అడుగున పచ్చ కనబడుతున్న అడవి. ఏన్కూరు దాటాక అదీ పల్చబడింది. తల్లాడ, వైరా వచ్చేసరికి దున్ని పెట్టిన చేలు, ట్రాక్టర్లు, విత్తనాల దుకాణాల ముందు జనం.

వైరాలో రిజర్వాయరు కట్ట మీద కాసేపు ఆగాం. నిజాం కాలంలో కట్టింది. నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. కట్ట పక్కనే బండి మీద చేపలు వేయిస్తున్నారు. ఆ వాసనకి పిల్లాడు దిగుతానన్నాడు. బావమరిది దిగనివ్వలేదు. "ఇక్కడ తింటే అక్కడ తినలేవురా" అన్నాడు. జనం మూగి ఉన్నారు. మృగశిర నాడు చేప తినాలన్నది తెలంగాణలో గట్టి పట్టింపు. ఎండ నుంచి వానకు మారే రోజుల్లో ఒంటికి వేడి కావాలని పెద్దలు చెబుతారు. హైదరాబాదులో చేప మందు కోసం వేలమంది వరస కట్టేదీ ఈ కార్తె ప్రవేశించేటప్పుడే. ఆ ఒక్క రోజు చేప ధర ఎంత చెబితే అంత.

వైరా నుంచి బోనకల్ దారిలో సాగర్ ఎడమ కాలువ తాలూకు పిల్ల కాలువలు కనిపించాయి. అన్నీ ఎండి ఉన్నాయి. ఒక కాలువ గర్భంలో కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. నీళ్ళు వదిలితే ఈ మండలం వరి, మిరప, మొక్కజొన్నలతో పచ్చగా ఉంటుందని బావమరిది చెప్పాడు. ఆ రోజు నాకు కనిపించింది నల్లరేగడి, దాని మీద వేడిగాలి. అడవి కోసం పిల్లలు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. చివరికి పాప అడిగింది, "మావయ్యా, అడవి ఎప్పుడొస్తది?" వెనక పోయిందమ్మా అన్నాను.

బోనకల్ పెద్ద ఊరేమీ కాదు. వైరా, ఖమ్మం, మధిర, జగ్గయ్యపేట దారులు కలిసే చోటు కాబట్టి ఊరికి మించిన రద్దీ ఉంది. కాజీపేట, విజయవాడ రైలు మార్గం ఊరి పక్కనుంచే పోతుంది. నిజాం రైల్వే 1889లో బెజవాడ దాకా వేసిన మార్గమే ఇది. అక్కడి నుంచి కాస్త దూరం పోతే ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. హోటల్ ముందు ఆగిన కార్లలో సగానికి పైగా ఏపీ నంబర్లే కనిపించాయి.

హోటల్ అంటే రోడ్డు నుంచి కొంచెం లోపలికి వేసిన పెద్ద రేకుల షెడ్డు. దానికి ఆనించి అద్దాల గది ఒకటి. గది తలుపు మీద 'ఫ్యామిలీ ఏసీ' అని రాసుంది. ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు: నీలం కెరటం, దాని మీద ఎర్రటి పెద్ద రొయ్య, మూలన లైట్‌హౌసు. కింద 'తాజా సముద్రపు చేపలు లభించును' అన్నారు. అదే ఫ్లెక్సీలో బొంగు చికెన్ బొమ్మ కూడా ఉంది. అడవి దొరికిందని పిల్లలు సంబరపడ్డారు. (లోపల అడిగితే, బొంగులు రాలేదన్నారు.)

లోపల చోటు లేదు. కౌంటరు దగ్గర చిన్న కాగితం మీద నంబరు రాసిచ్చి వేపచెట్టు కింద కుర్చీల్లో కూర్చోమన్నారు. అక్కడ మాలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. పెళ్ళి బట్టల్లో ఒక గుంపు, ఆస్పత్రి నుంచి ఇంటికి పోతున్న ఒక ముసలమ్మ, ఆమె కొడుకులు, కోడళ్ళు. చేపలు ఎక్కణ్ణుంచి వస్తాయన్న మాట నేను ఎత్తక్కర్లేకుండానే వచ్చింది. జగ్గయ్యపేట నుంచి వచ్చినాయన, తెల్లారుజామున నాలుగింటికి బందరు వ్యాను వస్తుందన్నాడు. బందరు కాదు, కాకినాడ అన్నాడు పెళ్ళి గుంపులో ఒకాయన, వాళ్ళ బంధువు డ్రైవరట. విశాఖ నుంచి రైల్లో వస్తుందని ఇంకొకరు. ముగ్గురూ గట్టిగానే చెప్పారు, ముగ్గురికీ ఎవరో చెప్పారు. తరవాత బిల్లు కట్టేటప్పుడు కౌంటరు వెనకున్న యజమానిని అడిగితే, "అన్ని చోట్ల నుంచీ వస్తది సార్, ఏది బాగుంటే అది" అన్నాడు. మర్యాదగా, చేతిలో డబ్బు లెక్క ఆపకుండా చెప్పాడు.

సముద్రం బోనకల్‌కు దగ్గరేం కాదు. విజయవాడ మీదుగా బందరుకు సుమారు నూటయాభై కిలోమీటర్లు. ఐసు పెట్టెల వ్యానుకు అదేమంత దూరమూ కాదు, రాత్రికి రాత్రి వచ్చేస్తుంది. అయితే జూన్ మొదటి వారాల సంగతి వేరు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా నిషేధం. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు వైపులా మరపడవలు ఒడ్డునే ఉంటాయి. యంత్రం లేని తెప్పలకు మినహాయింపు ఉంది. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది.

మా నంబరు పిలిచేసరికి పిల్లలు ఆకలితో పోట్లాడుకుంటున్నారు. ఏసీ గది చల్లగానే ఉంది. గోడకు అక్వేరియం, అందులో నారింజ రంగు చేపలు. ప్లాస్టిక్ కాగితంలో పెట్టిన మెనూ కార్డు తెచ్చిచ్చారు. మొదటి పేజీ అంతా 'సీఫుడ్ స్పెషల్స్'. చందువ తవా ఫ్రై, వంజరం ఫ్రై, రొయ్యల ఇగురు, లూజ్ ప్రాన్స్, పీతల మసాలా, అపోలో ఫిష్, రొయ్యల బిర్యానీ. వెనక పేజీ అడుగున, పెరుగన్నానికి పైన, కొర్రమీను పులుసు అని చిన్న అక్షరాల్లో ఉంది.

ఆర్డరు బావమరిదే చెప్పాడు. వంజరం అయిపోయిందన్నారు. పీతలు ఆ రోజు రాలేదన్నారు. పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన మా వైపు తిరిగి, "నేనెప్పుడొచ్చినా వంజరం అప్పుడే అయిపోతదండీ" అన్నాడు. ఫిర్యాదులా చెప్పలేదు. వంజరానికి అంత గిరాకీ ఉందని ఆయన ఉద్దేశం.

ముందు అపోలో ఫిష్ వచ్చింది. ఇది హైదరాబాద్ హోటళ్ళలో పుట్టిన వంటకం, ముల్లు లేని ముక్కలకు పిండి పట్టించి వేయించి, పెరుగు, కరివేపాకు, పచ్చిమిర్చితో తిరగమోత పెడతారు. ముక్క తెల్లగా, మెత్తగా, ఏ రుచీ లేకుండా ఉంది. రుచంతా తిరగమోతదే. చేప ఏమిటని వడ్డించే కుర్రాణ్ణి అడిగితే "బోన్‌లెస్ సార్" అన్నాడు. హోటళ్ళలో ఇలా బోన్‌లెస్‌గా వచ్చేది చాలాచోట్ల పంగస్. మెకాంగ్ నది చేప అది. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో బాగా పెంచుతున్నారు. మా పళ్ళెంలోది అదేనని నేను ప్రమాణం చేయలేను. పిల్లలు మాత్రం ఒక్క ముక్క మిగల్చలేదు.

రొయ్యల ఇగురు బాగుంది. ఉల్లిపాయ బాగా వేగింది, కారం దిట్టంగా ఉంది. ఖమ్మం యార్డు తేజ మిర్చికి పేరు పడ్డది. ఆ మిరప పొడి వేశారని నాలుక వెంటనే చెప్పింది. రొయ్యలన్నీ కొలిచి పోసినట్టు ఒకే సైజులో ఉన్నాయి. బందరు రొయ్య అన్నాడు కుర్రాడు. చెరువు రొయ్యా, సముద్రం రొయ్యా అంటే మళ్ళీ బందరు రొయ్యే అన్నాడు. రొయ్యల వ్యాపారంలో 'కౌంట్' అంటారు, కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. మా పళ్ళెంలోవి యాభై కౌంటు ఉంటాయని బావమరిది అంచనా వేశాడు, అతనికి కైకలూరులో స్నేహితులున్నారు. ఇప్పుడు కోస్తా చెరువుల్లో ఎక్కడ చూసినా వనామీయే. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం నుంచి వచ్చిన జాతి అది. 2009లో మన దేశంలో సాగుకు అనుమతి దొరికాక టైగర్ రొయ్యను చెరువుల్లోంచి దాదాపు వెళ్ళగొట్టింది.

తరవాత చందువ. ఇది మొత్తం చేప, తలతో సహా, పెనం మీద నల్లగా కాల్చి, నిమ్మచెక్క, ఉల్లి చక్రాలతో తెచ్చారు. చూడ్డానికి గుండ్రంగా, గొప్పగానే ఉంది. బావమరిది నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. మసాలా బాగా పట్టింది. కండ కొంచెం మందంగా తగిలింది, అడుగున చిన్న మట్టి వాసన. తోక దగ్గర ముళ్ళు రెండుగా చీలి ఉన్నాయి. చందువలో నడిమి ముల్లు తీసేస్తే తరవాత కళ్ళు మూసుకుని తినొచ్చు. ఇక్కడ నా భార్య ముక్క ముక్కకీ ఆగి పిల్లలకు ముళ్ళు ఏరి పెట్టింది. నేను తల తీసుకున్నాను. దవడ విప్పితే లోపల పళ్ళు కనిపించాయి, చదునుగా, మనిషి పళ్ళలా. చందువకు నోరే చిన్నది.

రూప్‌చంద్ అనే చేప ఒకటుంది. దక్షిణ అమెరికా నదులది, బంగ్లాదేశ్ మీదుగా మన చెరువుల్లోకి వచ్చింది. గుండ్రంగా ఉంటుంది, పొట్ట కింద ఎరుపు, నోట్లో పళ్ళు. తొందరగా పెరుగుతుంది, ఏది వేసినా తింటుంది, ధర తక్కువ. సంతల్లో దాన్ని రూప్‌చంద్ అనే అమ్ముతారు, కొన్నిచోట్ల చెరువు చందువ అంటారు.

వడ్డించే కుర్రాడిది ఒడిశా, గంజాం జిల్లా. ఊరు గోపాలపూర్ పక్కనేనని, ఇంటి ముందే సముద్రమని చెప్పాడు. తెలుగు తడబడకుండా మాట్లాడాడు. ఆ హోటల్లో సముద్రం ఒడ్డున పుట్టినవాడు బహుశా అతనొక్కడే. "మీ ఊళ్ళో చందువ కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగాను. అతను కౌంటరు వైపు ఒకసారి చూసి, "ఇది ఇక్కడి చందువ సార్" అన్నాడు. నువ్వు తింటావా అంటే, తనకు కోడిగుడ్డు కూర చాలన్నాడు.

అన్నం తెప్పించుకునే వేళకి మా దగ్గర పులుసు ఏదీ లేదు. కుర్రాడే మెల్లగా చెప్పాడు, వెనక పొయ్యి మీద కొర్రమీను పులుసు ఉంది, తెమ్మంటే తెస్తానని. బావమరిది పెదవి విరిచాడు. "అది ఇంట్లో కూడా తింటాం గదా బావా" అన్నాడు. నేను తెమ్మన్నాను. మట్టి మూకుడులో కాదు, స్టీలు గిన్నెలోనే తెచ్చాడు. ఎర్రగా, చిక్కగా, పైన నూనె తేలి ఉంది. కొత్తిమీర ఎక్కువ వేయలేదు. మెంతుల చేదు చివర్న సన్నగా తగిలింది. ముక్క గట్టిగా ఉంది, ముల్లు నుంచి రేకలుగా విడిపోయింది. నా భార్య రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆమె బయట ఎక్కడా రెండోసారి పెట్టించుకోదు.

ఎవరు వండారో చూస్తానని అడిగితే ఎవరూ అడ్డు చెప్పలేదు. షెడ్డు వెనక రెండు వంటిళ్ళు ఉన్నాయి. గ్యాసు మంటల దగ్గర ఫ్రైలు చేసే మాస్టర్లు ఒక పక్క, కొంచెం దూరంగా కట్టెల పొయ్యి దగ్గర ఒకామె. నడివయసు మనిషి, చుట్టుపక్కల ఊరావిడే. పొద్దున వచ్చి పులుసు, పప్పు, పచ్చళ్ళు చూసుకుని మూడింటికి వెళ్ళిపోతుందట. నేను పులుసు బాగుందంటే, "ఇయ్యాళ కొంచెం పులుపు ఎక్కువైంది" అంది.

అడిగినకొద్దీ చెప్పింది. కొర్రమీనుకు జిగురు ఎక్కువ. రాళ్ళ ఉప్పు, బూడిద వేసి బండ మీద రుద్ది రుద్ది కడగాలి. నాలుగైదు నీళ్ళు మారాక గానీ కత్తి పట్టకూడదు. ముక్కలకు ఉప్పు, కారం, పసుపు పట్టించి పక్కన పెట్టాలి. ఉల్లిపాయను కాల్చి నూరితే పులుసు చిక్కబడుతుంది. చింతపండు రసం పోసి పచ్చివాసన పోయేదాకా తెర్లనిచ్చి, అప్పుడు ముక్కలు వేయాలి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు. గిన్నె అంచులు పట్టుకుని తిప్పాలి. దించాక కనీసం రెండు గంటలు ఊరాలి. అందుకే ఆమె ఎనిమిదింటికే మొదలుపెడుతుంది. రేపటి పులుసే అసలు పులుసని, హోటల్లో రేపటిదాకా ఉంచనివ్వరని ఆమె బాధ. మామిడికాయ దొరికే రోజుల్లో చింతపండు తగ్గించి పరికెలతో కూడా చేస్తుందట. అది మెనూలో లేదు. పనివాళ్ళకీ, తెలిసి అడిగినవాళ్ళకీ పెడతారు.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. నీళ్ళలోనే కాదు, పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుంది. ఆ బలంతోనే ఎండిపోతున్న చెరువు బురదలోనూ బతికుంటుంది, డ్రమ్ముల్లో ప్రాణంతో ఊరూరా తిరుగుతుంది. చచ్చిన కొర్రమీనును ఇటువైపు ఎవరూ కొనరు. వేసవి చివర చెరువులు అడుగంటినప్పుడు వలలు వేసి పట్టేస్తారు. ఈ చేపలు ఎక్కడివని ఆమెను అడిగాను. "మా చెరువుయే, మా తమ్ముడు పట్టి తెచ్చిండు" అంది. పొయ్యి పక్కన నీలం డ్రమ్ములో మిగిలినవి ఉన్నాయి. మూత తీసి చూపించింది. నల్లగా మెరుస్తూ, అన్నీ ఇంచుమించు ఒకే పొడవు, ఒకే లావు. చెరువులో పట్టినవాటిలో చిన్నా పెద్దా ఉంటాయి. ఇప్పుడు కొర్రమీనును కూడా ట్యాంకుల్లో, చిన్న చెరువుల్లో మేత వేసి పెంచుతున్నారు. ఆమె తమ్ముడు ఆ సమయానికి అక్కడ లేడు. పాలేరు నుంచి కూడా అప్పుడప్పుడు తెస్తారని పక్కనున్న గిన్నెలు కడిగే అమ్మాయి అంది. ఆమె ఆ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి మళ్ళీ గిన్నెల్లో పడింది.

పాలేరు మాటకు ఈ జిల్లాలో ఒక విలువుంది. ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే దారిలో, నాయకన్‌గూడెం దగ్గర పాలేరు రిజర్వాయరు ఒడ్డున ఎన్నో ఏళ్ళుగా చేపలు వేయించి అమ్ముతారు. ఆ దారిన పోయేవాళ్ళు ఆగకుండా పోరు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు అందులో పడి ముందుకు పోతాయి. అక్కడ చేపల మీద పరిశోధన కేంద్రం కూడా ఉంది. బొచ్చె, రోహు, బంగారుతీగ పేర్లు అక్కడి చిన్నపిల్లలు కూడా గడగడా చెబుతారు. అంత నీళ్ళున్న జిల్లాలో సముద్రపు చేప కోసం కాగితం మీద నంబరు పట్టుకుని వేపచెట్టు కింద కూర్చోవడం ఎందుకో, ఆ చెట్టు కింద ఎవరికీ వింతగా అనిపించలేదు. వరసలో నేనూ ఉన్నాను గనక నాకు అడిగే హక్కు లేదు.

గదిలోకి తిరిగి వచ్చేసరికి పక్క బల్ల పెద్దాయన మా బావమరిదితో మాటల్లో ఉన్నాడు. మధిర వైపు రైతు. ఎనభై దాటాయన్నాడు. ఆయన చిన్నప్పుడు సముద్రం అంటే ఎండుచేపేనట. బందరు నుంచి మూటలు బెజవాడ వచ్చి, అక్కడి నుంచి రైల్లో మధిర, బోనకల్ స్టేషన్లలో దిగేవట. నెత్తళ్ళు, సావిళ్ళు, ఎండు రొయ్యలు. వానాకాలం నాట్ల రోజుల్లో కూలీలకు గోంగూరలో ఎండు రొయ్య వేసి పెట్టకపోతే మరునాడు పనికి వచ్చేవాళ్ళు కాదట. ఆ మూటలు ఏజెన్సీ సంతల దాకా పోయేవని చెప్పాడు. సంతల్లో ఎండుచేప ఇప్పటికీ అమ్ముతారు. అంతకుముందు రోజు భద్రాచలంలో నేనే చూశాను. ఇక్కడ దొరుకుతుందా అని మెనూ మళ్ళీ తిప్పాను. లేదు. "ఎండుచేప వాసనకి ఏసీ గదిలో కూర్చోలేరండీ" అన్నాడాయన. పెద్దాయన ముందు రొయ్యల బిర్యానీ ఉంది. మనవలు తినమన్నారని తింటున్నానన్నాడు. ఎలా ఉందంటే, బియ్యం మంచివన్నాడు.

బిల్లు ఎక్కువేమీ కాలేదు. హైదరాబాదులో అయితే ఇంతకు రెట్టింపు. చందువకు పడిన దాంట్లో సగం కూడా పులుసుకు పడలేదు. సోంపు తింటూ బయటికి వస్తుంటే ఇంకో రెండు కార్లు వచ్చి ఆగాయి. దిగిన పిల్లలు ఫ్లెక్సీలో రొయ్య దగ్గరికి పరుగెత్తి ఫొటోలు దిగారు. మా పిల్లలూ వెళ్ళి దిగారు. వేపచెట్టు కింద కొత్తగా కూర్చున్నావిడ నా భార్యను అడిగింది, ఏది బాగుందని. నా భార్య పులుసు అంది. ఆవిడ కొంచెం నిరాశపడినట్టు కనిపించింది. "చందువ బాగుంటదన్నారే?" అంది. అదీ బాగానే ఉందన్నాం.

ఖమ్మం దారిలో చింతకాని దాటేదాకా బావమరిది ఏమీ అడగలేదు. తరవాత, "ఎట్లా ఉంది బావా?" అన్నాడు. వంట బాగుందన్నాను, అది నిజం. "చెప్పానా? ఈ చుట్టుపక్కల ఇంత ఫ్రెష్ సముద్రపు చేప ఎక్కడా దొరకదు" అన్నాడు. పిల్లలు వెనక నిద్రపోయారు. పడమట మబ్బు పట్టింది, ఖమ్మం చేరేదాకా కురవలేదు.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట. బోనకల్‌లో ఆగండి, కుటుంబంతో ఆగదగ్గ చోటే. శుభ్రంగా ఉంది, పిల్లలను విసుక్కోరు, చేతులు కడుక్కునే చోట సబ్బు ఉంది. కార్డు మొదటి పేజీ పిల్లలకు వదిలేసి, కూర్చోగానే కట్టెల పొయ్యి పులుసు ఉందా అని అడగండి. మామిడికాయల కాలమైతే పరికెల సంగతీ అడగండి. ఒంటిగంట లోపు వెళ్ళండి. రెండు దాటితే పులుసు ఉండదు, మూడు దాటితే ఆమె ఉండదు.